సూచీకర్మము: క్రీడయా, జీవికయా?

పాణినీయమున ద్వితీయాధ్యాయమందలి ద్వితీయపాదమునఁ బదునేడవ సూత్రము చిన్నదియే కాని లోకవృత్తము నెఱుఁగఁగోరువారికి మిక్కిలి యుపకరించునది. అకప్రత్యయాంతమగు పదముతో షష్ఠీసమాసము కర్త్రర్థమున సామాన్యముగా నిషిద్ధము. అన్నమును భుజించువాఁడు అను నర్థమున రెండు పదములు విడివిడిగనే నిలుచును. కాని క్రీడ గాని జీవిక గాని యర్థమైనచో సమాసము నిత్యమని యా సూత్రము విధించుచున్నది. క్రీడకు ఉద్దాలకపుష్పభంజిక యను ప్రాగ్దేశపు ఆటను, జీవికకు దంతలేఖకుఁడు, నఖలేఖకుఁడు అను వృత్తినామములను వ్యాఖ్యాత లుదాహరించిరి. పూవులు త్రుంచుట యాట. దంతములను జిత్రించుట బ్రదుకుఁదెరువు. లోకమున నెంతో యెడమున నుండు నీ రెండింటిని సూత్రకారుఁ డొకే గూటఁ గట్టెను. అలవాటుగా మరల మరల చేయఁబడు పని యేదైనను, అది వినోదార్థమైనను పొట్టకూటికైనను, దానికొక స్థిరమైన పేరు పుట్టుననుటయే యిందలి రహస్యము.

పేరు పుట్టుట వఱకు సమానమే. పేరు పుట్టినపిమ్మట వచ్చు ఫలములు మాత్రము సమానములు కావు. చేతిపనులను గూర్చి వ్రాయఁబడు వ్యాసములలోఁ గొన్ని వానిని కులస్త్రీల తీఱికవేళల వినోదములుగాఁ గొనియాడును. కొన్ని కుటీరపరిశ్రమలుగా లెక్కించును. సూది యదియే, దార మదియే, చేయి యదియే. అట్లుండఁగా పేరేల మాఱెను, ఆ మార్పువలన నెవరికి లాభము కలిగెను, ఎవరేమి కోల్పోయిరి అను విచారము మాత్ర మరుదు. సూచీకర్మము నాధారముగాఁ గొని యా విచారమును గొంత సాగింపవచ్చును.

కుట్టుట యను నర్థమున సంస్కృతమున ‘షివు’ ధాతువు దివాదిగణమునఁ బఠింపఁబడినది. సీవ్యతి, స్యూతము, సీవనము, స్యూతి మొదలగునవి దాని రూపములు. సూత్రశబ్దమును గూడ నుణాదులు ఈ ధాతువునుండియే సాధించినవి. కనుక వ్యాకరణసూత్రములైనను జందెపుఁబోఁగులైనను మొదట కుట్టుదారమునకు దాయాదులే. సూచీశబ్దమునకును ఈ ధాతువే మూలమని కొందఱు; పైశున్యార్థకమైన చురాది ‘సూచ’ ధాతువు మూలమని మఱికొందఱు. సూది యొకప్రక్కఁ జాటుగా దూఱి వేఱొకప్రక్క బయటఁబడును గావున నీ రెండవ పక్షమును నవ్వి త్రోసివేయ రాదు.

ఋగ్వేదమున ద్వితీయమండలమునందు రాకయను దేవత స్తుతింపఁబడినది. విఱుగని సూదితోఁ దన పనిని గుట్టవలసినదని యామెను ఋషి ప్రార్థించెను. ఆ మంత్రము సీమంతోన్నయనమున వినియుక్తమైనది. గర్భిణి పాపట దిద్దు వేళ, కడుపులోని శిశువు నతుకులు లేక కుట్టి పెట్టుమని దేవతను వేఁడుట యెంత గృహ్యమైన భావన! దేవతకే సూది చేతికిచ్చినవారు ఆ పనిని నీచముగాఁ దలఁచి యుండరు.

వాత్స్యాయనుని కామసూత్రములలో నఱువదినాలుగు కళలు గణింపఁబడిన చోట సూచీవానకర్మలకు స్థానము కలదు. యశోధరుఁడు జయమంగళావ్యాఖ్యలో నీ పనిని మూఁడు తెఱఁగులుగా విభజించెను. కంచుకాదులను గుట్టుట యొకటి, చినిఁగిన వస్త్రమును మరల నేసినట్లు పూడ్చుట రెండవది, పఱపులు కంబళ్లు మొదలగువానిపై రచన చేయుట మూఁడవది. నేఁటి తెలుఁగున చెప్పవలసినచో కుట్టు, రఫూ, బుటా పని. ఈ విభాగము నేఁటికిని చెల్లుచుండుట గమనింపఁదగినది. సూత్రక్రీడ యని వేఱొక కళ చెప్పఁబడెను గాని యది తెగిన దారమును దెగనట్లు చూపు గారడి. దానికిని కుట్టుపనికిని సంబంధము లేదు.

ఈ కళలు నాగరకుల విలాసమునకు మాత్రమే యుద్దిష్టములని తలఁచుట కలదు. అది సరి కాదు. కళలను జెప్పిన యా యధ్యాయమునందే వాత్స్యాయనుఁడు వేఱొక మాటయుఁ జెప్పెను. భర్తృవియోగమువలనఁ గాని దారుణమైన యాపదవలనఁ గాని పరదేశమునఁ జిక్కిన స్త్రీ యీ విద్యల చేతనే సుఖముగా బ్రదుకఁగలదఁట. రాజపుత్రికి వినోదమైనది దిక్కులేనినాఁడు జీవిక యగునని శాస్త్రకారుఁడు మొదటనే యెఱిఁగియుండెను. క్రీడాజీవికలకు నడుమ గోడ లేదు, గడప మాత్రమే కలదు.

అయినను ఆ గడప దాఁటినవారిని ధర్మశాస్త్రము చూచిన చూపు వేఱు. మనుస్మృతి చతుర్థాధ్యాయమున నెవరి యన్నము భుజింపరాదో చెప్పు పట్టికలో నటునితోఁబాటు తున్నవాయుఁడు చేర్పఁబడెను. తున్నవాయుఁ డనఁగా కుట్టుపనివాఁడు. అమరసింహుఁడును తున్నవాయ, సౌచిక శబ్దములను శూద్రవర్గమునఁ బఠించెను. కళగా నుండునపుడు కులీనస్త్రీకి భూషణమైన పనియే కూలికిఁ జేయఁబడినంతనే యన్నమును మైలపఱచు పని యాయెను. సూదిలో దోషము లేదు, దారములో లేదు. పుచ్చుకొన్న కూలిలోనే యా దోషము కానవచ్చినది. ఈ తీర్పును సమర్థించుట కష్టము.

వ్యాకరణము కూడ నీ విషయమున నొక విచిత్రమును జూపుచున్నది. ధాతువులమీఁద ణ్వుల్ప్రత్యయము వచ్చినచో స్త్రీలింగమున పాచిక, కారిక యని ఇకారూపము కలుగును. పని నేర్పును జీవనముగాఁ గల శిల్పి యర్థమైనచో ష్వున్ప్రత్యయము వచ్చి నర్తకి, రజకి యని ఈకారాంతము కలుగును. అనఁగా ఊరక చేయునామెకును, వృత్తిగాఁ జేయునామెకును రూపభేదము భాషలోనే కలదు. కాని వార్తికకారుఁడు ష్వున్నును నృత్, ఖన్, రంజ్ ధాతువులకు మాత్రమే పరిమితము చేసెను. కుట్టుట కా భాగ్యము లేదు. కావున షివు ధాతువునకు ణ్వుల్లే వచ్చి గుణము కలిగి పురుషుఁడు సేవకుఁడు, స్త్రీ సేవిక యగుదురు. కొలుచుట యను నర్థముగల వేఱొక ధాతువునుండి పుట్టిన సేవికాశబ్దమునకును దీనికిని వర్ణమాత్రభేదము లేదు. కుట్టునామెయు నూడిగము చేయునామెయు నొకే పదమునఁ గలిసిపోయిరి. ఇది యాదృచ్ఛికమే, అయినను మఱవరాని యాదృచ్ఛికము.

ధర్మశాస్త్రమును విడిచి యర్థశాస్త్రమును జూచినచో వేఱొక గాలి వీచును. మైసూరున ఆర్. శామశాస్త్రిగారు 1909 లోఁ బ్రకటించిన నాఁటినుండి కౌటిల్యుని గ్రంథము పండితుల చేతులలో నున్నది గాని, అందు ద్వితీయాధికరణమున సూత్రాధ్యక్షప్రకరణమును గూర్చి సాహిత్యపరులు తగినంత విచారింపలేదు. దారము, కవచము, వస్త్రము, త్రాడు చేయించు నధికారి సూత్రాధ్యక్షుఁడు. దారము వడుకుటకు విధవలు, అంగవైకల్యము గలవారు, కన్యలు, సన్న్యాసినులు, ముదుసలి రాజదాసులు మొదలగువారిని నియోగింపవలెను. దారము సన్నమో ముతుకో నడితరమో చూచి, పరిమాణము నెఱిఁగి జీతము నిర్ణయింపవలెను. పండుగదినములలోఁ బని చేయించినచో బహుమానములిచ్చి చేయింపవలెను.

ఇంతకంటె ముఖ్యమైనది యిఁకముందున్నది. ఇల్లు వెడలని స్త్రీలు, భర్తలు దేశాంతరమున నున్నవారు, తమ పొట్ట తాము పోసికొనఁగోరు కన్యలు వీరికి సూత్రాధ్యక్షుఁడు తన దాసీజనమును బంపి గౌరవపూర్వకముగాఁ బని యిప్పింపవలెను. తామే సూత్రశాలకు వచ్చువారు వేకువను వచ్చి, దారమిచ్చి, కూలి పుచ్చుకొని పోవచ్చును. ఆ వేళ దీపము దారమును బరీక్షించుటకు మాత్రమే. స్త్రీ ముఖమును జూచినను, పనికి సంబంధింపని మాట లాడినను అధికారికి పూర్వసాహసదండము. జీతమిచ్చు కాలము దాఁటించినచో మధ్యమదండము. చేయని పనికి జీతమిచ్చినను అదియే శిక్ష.

చాటుననుండి పని చేయు స్త్రీకి మర్యాద యొకచేత, కూలి యొకచేత నిచ్చిన విధానమిది. అధికారి చూపునకు దండము విధించి, అంతకంటె నెక్కువ దండమును కూలి యాలస్యమునకు విధించిన క్రమమును బట్టి గ్రంథకర్తకు లోకానుభవ మెంతటిదో తెలియును. కౌటిల్యుఁడు దయాళువని చెప్పఁబనిలేదు. రాజు భాండాగారమునకు దారము కావలయును, దారము కావలయునన్నచో వడుకు చేయి నిలువవలయును, అంతే. కాని యాతఁడు స్త్రీ యింటఁ గూర్చుండి చేసినది పనియే యనియు, దానికిఁ గాలమునకు జీతము ముట్టవలయుననియు నొక్క క్షణమైనను సందేహింపలేదు. ఆమె తీఱిక యను మాట యా ప్రకరణమున లేదు.

ఇఁక తెలుఁగుదేశమునకు రావలెను. కుట్టు, అల్లు, నేయు అను మూఁడు ధాతువులును అచ్చతెనుఁగులు. తేలు కుట్టినను బట్ట కుట్టినను క్రియ యొకటియే. పొడుచుట రెండింటికిని సమానము. తీఁగ యల్లుకొనును, జడ యల్లుదురు, కవులు కవిత్వ మల్లుదురు. సూది, దబ్బనము, పోఁగు, కుచ్చు, అంచు ఇవి యెల్ల పల్లెలో నేఁటికిని బ్రదికియున్న మాటలు. దర్జీ మాత్రము పారసీకము. కుట్టుగీఁటునకు పారసీకమున దర్జ్ అని పేరు. తెలంగాణమున కుట్టుపని కులవృత్తిగాఁ గలవారు మేరవారు. కుళ్లాయియు పారసీకపు కులాహ్ శబ్దభవమే. కర్ణాటరాజసభ కేఁగి కుళ్లాయి పెట్టుకొనవలసివచ్చినదని శ్రీనాథుఁడు వాపోయినట్లొక చాటువు ప్రసిద్ధము. విరూపణ్ణ కట్టించిన లేపాక్షి వీరభద్రాలయపుఁ జిత్రములలో పొడవైన కుళ్లాయిలును, కుట్టిన యంగీలును ధరించిన పురుషులు పదునాఱవ శతాబ్దివారు నేఁటికిని గానవత్తురు. చుట్టుకొను బట్టనుండి కుట్టుకొను బట్టకు మన దేశము మాఱిన కథ పెద్దది. అది వేఱొకరు వ్రాయవలసినది.

కులవృత్తికి వెలుపల, ఇంటింట సాగిన సూచీకర్మ మొకటి కలదు. దానికిఁ జరిత్రకారుఁడు లేఁడు. పాఁతచీరలు నాలుగైదు పొరలుగాఁ బఱచి, అంచులు కలిపి, నిడుపైన పోఁగులతో నవ్వలు అనఁబడు ముసలివారు కుట్టిన బొంత యిందులకు ముఖ్యోదాహరణము. సంస్కృతమున దీనికి కంథయని పేరు. పాణిని సూత్రములలోఁ గనవచ్చు కంథ మాత్రము వేఱు. అది ఉశీనరదేశపు గ్రామనామముల చివరనుండు పదము. దానిని దీనితోఁ గలిపి సంబరపడుట తగదు. బొంతకు వెల లేదు. అమ్మిన వారును గొన్నవారును నరుదు. బిడ్డ పుట్టినప్పుడు పొత్తిళ్లకును, ఆ బిడ్డ పెరిగి చలికాలమునఁ గప్పుకొనుటకును అది పుట్టెను. క్రీడయని చెప్పుటకు వీలులేదు, జీవికయని చెప్పుటకు వీలులేదు. పాణిని విభాగమున కందని మూఁడవది యిది.

లంబాడీ స్త్రీల పనియు నాదియం దిట్టిదియే. పేటియా యను పావడకు, కాంచళి యను ఱవికకు, ముసుఁగునకు వారు అద్దములు, గవ్వలు, రంగుదారములు పొదిగి కుట్టుకొందురు. తమ యొడలికిఁ దాము, కూఁతురి పెండ్లికిఁ దల్లి. అంగడి చాలకాలము తరువాత వచ్చెను. హైదరాబాదున జర్దోజీ మాత్రము మొదటినుండియు కార్ఖానాలలోని పురుషుల జీవిక. బట్టను కఱ్ఱచట్రమునకు బిగించి దానిమీఁద జరీతోఁ గుట్టు నా పని యిప్పుడు పల్లెపట్టణముల మగ్గం వర్కు అను పేరఁ బరఁగుచున్నది. అందు పడుగు లేదు, పేఁక లేదు, నాడె లేదు. చట్రమును జూచి లోకము మగ్గమని పిలిచినది. నేఁతవానికిది వినఁగా నవ్వు రావచ్చును, గాని భాష యెవరి యనుమతిని గోరదు.

సూచీకర్మము క్రీడయా జీవికయా యను ప్రశ్న తెలుఁగుదేశమున నిజముగాఁ జేతఁబట్టి చూపుచోటు నరసాపురము. వసిష్ఠగోదావరి యొడ్డున నున్న యీ పట్టణమునకుఁ జేరువనే మాధవాయపాలెమున పదునేడవ శతాబ్దిలో నాంగ్లేయుల వర్తకస్థావర ముండెను. అచటినుండి యోడలకెక్కిన నూలుబట్టకు ఐరోపాలో మడపోలమని పేరు వచ్చి, తరువాత యంత్రములపై నేసిన బట్టకును ఆ పేరే నిలిచెను. ఊరిపేరు బట్టపేరాయెను, పిమ్మట నా బట్టయే యీ యూరిని మఱచెను. డెల్టాలో కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్టను 1847 లో నారంభించి 1852 నాఁటికి ముగించుటకుఁ బూర్వము కఱవులు తఱచు. 1836 లో బౌడెన్, బీర్ అను నాంగ్లేయ మతప్రచారకు లీ తీరమునకు వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో నిలిచిరి. ఆ శతాబ్దిలోనే క్రైస్తవమతప్రచారకుల యిండ్లనుండి లేసు అల్లిక యిచటి స్త్రీలకు వచ్చెను. మొదట నేర్చినవారు క్రొత్తగాఁ గ్రైస్తవము స్వీకరించిన పేదకుటుంబముల యాఁడువారు.

లేసు అను మాటకు లాటిను మూలమున ఉచ్చు, పాశము అని యర్థము. క్రోషే యనఁగా ఫ్రెంచిభాషలో చిన్నకొక్కెము. కొనయందు కొక్కెము గల యొంటి సూదితో దారమును ఉచ్చులోనుండి ఉచ్చునకు లాగుచుఁ బోవుటయే యీ పని. మగ్గము వలదు, చట్రము వలదు, వెలుతురున్న యరుఁగు చాలును. ఐర్లండున 1845 నుండి 1849 వఱకు బంగాళాదుంపల పంట చెడి ఘోరమైన క్షామము వచ్చినప్పుడు అచటి సన్న్యాసినులు పేదస్త్రీలకు నేర్పినదియు నిదియే. ఐరోపా ధనికగృహములలో పొద్దుపుచ్చుటకై యల్లఁబడినది ఐర్లండునఁ గఱవుకూడాయెను. గోదావరితీరమునకు వచ్చునప్పటికి దాని యొక చేతిలో వినోదమును రెండవచేతిలోఁ గఱవును గలవు.

ఇరువదవ శతాబ్దిలో లేసు వ్యాపారము పెరిగి విదేశములకు సరకు పోవఁదొడఁగెను. పని యొక్కచేతఁ బుట్టదు. పూవులు, చక్రములు మొదలగు తునుకల నల్లుట చేతిపని. ఆ తునుకలను గలిపి దుప్పటిగనో బల్లగుడ్డగనో చేయుట అతుకుపని. అంచులు బిగించుట కాజాకుట్టు. వర్తకుఁడు దారమిచ్చును. నడుమవాఁడు దానిని పల్లెల కందించి తునుకలను లెక్కించి తెచ్చును. అల్లినయామెకుఁ దన తునుక యే దుప్పటిలోఁ జేరెనో, ఆ దుప్పటి యే దేశమున నే వెలకు నమ్ముడువోయెనో తెలియదు.

కాలక్రమమున కాపుకుటుంబముల స్త్రీలు నీ పనిలోఁ బెద్దసంఖ్యఁ జేరిరి. ఘోషా పాటించు నింటఁ గోడలు పొలమునకుఁ గూలికిఁ బోరాదు. లేసు అల్లుటకు గడప దాఁటఁబనిలేదు. చేసినది కూలిపని యని చెప్పుకొననక్కఱలేదు. ఇంటి మర్యాద నిలిచెను, నాలుగుకాసులు వచ్చెను. జర్మనుదేశపు సామాజికశాస్త్రవేత్త మేరియా మీస్ 1970 వ దశకము చివర నీ గ్రామములలోఁ బరిశోధించి 1982 లో నరసాపురపు లేసుకార్మికులను గూర్చి గ్రంథము ప్రకటించెను. గృహకృత్యములుగాక దినమునకు ఆఱు మొదలు ఎనిమిది గంటలు స్త్రీలు లేసు అల్లుచుండిరనియు, అంతసేపు కష్టించినను కూలి రూపాయయినను నిండదనియు, పొలమునఁ గూలిచేయు స్త్రీలకు వచ్చునది దానికంటె నెక్కువయనియు నామె చూపెను. లెక్కలలో నీ స్త్రీలలోఁ బెక్కండ్రు కార్మికులుగాఁ జేరలేదు, గృహిణులు. వర్తకుని మాటయు, భర్త మాటయు, తఱచు నా స్త్రీ మాటయు నొక్కటియే: తీఱికవేళఁ జేయు పని.

మీస్ వాదములో పెట్టుబడి, ప్రపంచవిపణి మొదలగు విషయములపైఁ జేసిన సిద్ధాంతము లన్నియు నంగీకరింపఁబనిలేదు. కాని తీఱికయను నొక్కమాటను పట్టుకొని దానివెల యెంతో యామె లెక్కగట్టిన పద్ధతి శాబ్దికుల మెప్పు నందఁదగినది. తీఱిక యనఁగా పని తీఱినపిమ్మట మిగిలిన కాలము. ఎనిమిదిగంటలు మిగిలిన యింట పని యెప్పుడు తీఱినట్లు? తీఱిక యను పేరు నిలిచినంతకాలము కూలికి లెక్కయడుగు హక్కు నిలువదు. మనుస్మృతినాఁడు జీవికయని పేరుపెట్టి కుట్టువాని యన్నమును దూరముగా నుంచిరి. నరసాపురమున క్రీడయని పేరుపెట్టి యల్లునామె యన్నమును దగ్గించిరి. పాణిని యొక్కచోఁ గట్టిన రెండు పదములను లోకము తనకు లాభమైన వేళ లాభమైన వైపున విడఁదీసినది.

ఇట్లని తీఱికయను మాట సర్వత్ర కపటమని చెప్పరాదు. మధ్యాహ్నవేళ నలుగురు స్త్రీలు ఒక యరుఁగుపైఁ జేరి యల్లుచు, పాటలు పాడుకొనుచు, ఒకరి మచ్చును వేఱొకరు నేర్చుకొనుటయుఁ గలదు. బడులలో కుట్లు అల్లికలు నేర్చి, తన కొడుకునకు ఉన్నిటోపీ యల్లిన తల్లికి మూల్యము ప్రసక్తింపదు. గుంటూరున ఉన్నవ దంపతులు 1922 లో స్థాపించిన శారదానికేతనమువంటి విద్యాలయములు చదువుతోఁబాటు చేతిపనులకుఁ జోటిచ్చినది స్త్రీకి విద్యయు, ఆపదలో నాధారమును నొకమాఱే కలుగుటకే; వాత్స్యాయనుఁడు చెప్పిన యాపద్ధర్మమే యిచట మరల దర్శనమిచ్చుచున్నది. ఆ సంతోషమును నిజము. ఆ కూలియు నిజము. ఒకదానిని జూపి రెండవదానిని లేదనుటయే దోషము.

నరసాపురపు క్రోషే లేసునకు 2024 లో భౌగోళికసూచికగా నమోదు లభించెను. సూచిక యను మాటలోను సూదియే యుండుట శాబ్దికులకు ముచ్చట. ఈ నమోదు 1999 నాఁటి చట్టము ననుసరించినది. వేఱొకచోట, యంత్రమున నల్లిన లేసును నరసాపురపుఁ బేర నమ్మరాదని యది శాసించును. కేంద్రప్రభుత్వపు హస్తకళల శాఖ 2016 నుండి పహచాన్ అను గుర్తింపుపత్రములను చేతిపనివారికిచ్చుచున్నది. పత్రము పొందిన స్త్రీ గృహిణిగాఁ గాక తన పనిపేరుతో నమోదగును. లెక్కలలోఁ గానరాని యామెకు నిది తక్కువ మేలు కాదు. అయినను పేరు కాచు ఆ 1999 చట్టమున తునుకకుఁ గూలి యింతయని నిర్ణయము లేదు. కూలి యాలస్యమైనచో సూత్రాధ్యక్షునకుఁ గౌటిల్యుఁడు విధించిన మధ్యమదండమువంటిదియు నందు లేదు.